కేక వేయని తపాలా

పూర్వం ఉత్తరం వచ్చిందంటే వీధి వీధంతా తెలిసేది. తపాలా బంట్రోతు సైకిలు గంట మోగించేవాడు. గంట చాలకపోతే గుమ్మంలో నిలబడి "పోస్ట్!" అని కేక వేసేవాడు. వంటింట్లో వున్న ఇల్లాలికీ, పెరట్లో వున్న పెద్దావిడకీ కూడా ఆ కేక వినబడేది. షోలాపురంలో మగ్గం ముందు కూర్చున్నవారు, బరంపురంలో కొట్టు తెరిచినవారు, బళ్ళారిలోనో కోయంబత్తూరులోనో తరాలుగా కాపురం వున్నవారు, స్వగ్రామంనుంచి రావలసిన కార్డు కోసం ఆ కేకనే కనిపెట్టుకుని వుండేవారు. తంతి వచ్చిందంటే సరేసరి. కవరు చింపకముందే ఇంటిల్లిపాదికీ గుండె దడదడలాడేది.

ఆ తంతి సర్వీసు మన దేశంలో 2013 జూలైలో మూతపడింది. కార్డు ముక్క రాసేవారు బాగా తగ్గిపోయారు. అంతమాత్రాన ఉత్తరాలు తగ్గాయనుకోకూడదు సుమండీ! అవి ఈమెయిలు రూపంలో వస్తున్నవి. పరీక్ష హాలు టిక్కెట్టు, కాలేజీ సీటు, ఉద్యోగానికి పిలుపు, బ్యాంకి లెక్క, భీమా గడువు, పరదేశంలో వున్న కొడుకు పంపిన మనుమరాలి ఫొటో, అన్నీ ఆ దారినే.

అయితే యీ కొత్త తపాలాకి ఒక స్వభావం వున్నది. తనంతట తాను కేక వేయదు. కంప్యూటరు బల్లమీద వెలుగుతూనే వుంటుంది; పిల్లవాడు దానిమీద పాఠాలు చూసుకుంటూనే వుంటాడు; తాతగారు దానిలో పాత పాటలు వింటూనే వుంటారు. ఆ సమయంలోనే ముఖ్యమైన ఉత్తరం ఒకటి వచ్చి నిశ్శబ్దంగా పెట్టెలో పడి వుంటుంది. చూడనివారిది తప్పా, చెప్పని యంత్రానిది తప్పా? ఇద్దరిదీ కాదు. యంత్రానికి కేక వేయడం తెలుసు. వేయమని యింటివారు దానికి సెలవు యివ్వలేదు, అంతే. ఆ సెలవు యెట్లా యివ్వాలి, యెవరికి యివ్వాలి, యెవరికి యివ్వకూడదు అన్న మూడు సంగతులూ తెలిస్తే చాలు.

ఉత్తరం వుండేది యెక్కడ?

"ఈమెయిలు యింటికి వచ్చింది" అంటాము గాని, నిజానికి అది యింటికి రాదు. పంపినవారి దగ్గర బయలుదేరి, మనకు ఖాతా వున్న కంపెనీవారి పెద్ద కంప్యూటరుదాకా వచ్చి, అక్కడ మన పేర వున్న పెట్టెలో ఆగుతుంది. ఆ పెద్ద కంప్యూటరునే సర్వరు అంటారు. వ్యాపారస్తులు తపాలా ఆఫీసులో పోస్టు బాక్సు అద్దెకు తీసుకోవడం చదువరులకు తెలిసిన సంగతే. గుమాస్తా వెళ్ళి తాళం తీసి చూస్తేగాని అందులో యేమున్నదీ తెలియదు. ఈమెయిలు పెట్టె కూడా అటువంటిదే.

రే టామ్లిన్‌సన్ అనే అమెరికా యింజనీరు 1971లో, పక్కపక్కనే వున్న రెండు కంప్యూటర్ల మధ్య నెట్‌వర్కు ద్వారా మొదటి ఉత్తరం పంపాడు. పేరుకీ చిరునామాకీ నడుమ మనం యీనాడు వాడే "యెట్" గుర్తును యెన్నుకున్నది కూడా ఆయనే. ఒక సర్వరునుంచి మరొక సర్వరుకు ఉత్తరాలు చేరవేసే పద్ధతికి 1982లో ఎస్.ఎం.టి.పి. అనే నియమావళి యేర్పడింది. పెట్టెలోని ఉత్తరాలను యింటి కంప్యూటరు తెచ్చుకునే పి.ఓ.పి. అనే పద్ధతి 1984లో వచ్చింది. ఇందులో యింటి కంప్యూటరే గుమాస్తా. పది నిమిషాలకో పావుగంటకో ఒకసారి వెళ్ళి "ఏమైనా వచ్చిందా?" అని అడగాలి. అడిగి వచ్చిన మరుక్షణంలో ఉత్తరం పడితే, మళ్ళీ అడిగేదాకా ఆ సంగతి తెలియదు.

1986లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఐమాప్ అనే మరొక పద్ధతి తయారుచేశాడు. దానికి 1997లో "ఐడిల్" అనే సదుపాయం చేర్చారు. ఇంటి కంప్యూటరు సర్వరుతో "నేను యిక్కడే వున్నాను, వస్తే చెప్పు" అని ఒక మాట చెప్పి, లైను పట్టుకుని వూరుకుంటుంది. ఉత్తరం పడగానే సర్వరే కబురు చెబుతుంది. చాలాసేపు మాటా పలుకూ లేకపోతే సర్వరు లైను తెంచివేయవచ్చు గనుక, 29 నిమిషాలు దాటకుండా ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పాలని నియమం పెట్టారు.

ఇంత వివరం దేనికంటే, గంట మోగాలంటే ముందు మూడు వుండాలి. ఇంటర్‌నెట్టు లైను వుండాలి. కంప్యూటరు మేలుకుని వుండాలి. లైను పట్టుకునే ప్రోగ్రాము తెరిచి వుండాలి. ఈ మూడింటిలో యేది లేకపోయినా మిగతా యేర్పాట్లన్నీ వృథా.

కుక్క పేరు, మనిషి గొంతు

ఉత్తరం వచ్చిందని కంప్యూటరు చేత చెప్పించాలన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు 1980లో విడుదల చేసిన యూనిక్స్‌లో "బిఫ్" అని ఒక చిన్న ప్రోగ్రాము వుండేది. ఉత్తరం రాగానే అది తెరమీద నాలుగు వరుసలు చూపి చిన్న శబ్దం చేసేది. బిఫ్ అనేది ఆ విశ్వవిద్యాలయంలో అందరికీ పరిచయమైన ఒక కుక్క పేరు. తపాలా బంట్రోతు కనబడితే అది మొరిగేదనీ, అందుకే ఆ పేరు పెట్టారనీ ఒక కథ వ్యాపించింది. అది నిజం కాదని ప్రోగ్రాము రాసినాయనే చెప్పాడు. అయినా కథ మాత్రం యింకా బతికే వున్నది. మనం గమనించవలసినది కథను కాదు. ఆ ప్రోగ్రాముకు "వై" అని చెబితేనే పిలిచేది, "ఎన్" అని చెబితే నోరు మూసుకునేది. అంటే మొదటినుంచీ కూడా పిలిచే హక్కు యంత్రానిది కాదు, పిలిపించుకునే హక్కు మనిషిది.

తరవాత గొంతు వచ్చింది. ఎల్వుడ్ ఎడ్వర్డ్స్ అనే ఆయన 1989లో తన యింట్లో కూర్చుని క్యాసెట్టు మీద రికార్డు చేసి యిచ్చిన "మీకు ఉత్తరం వచ్చింది" అనే చిన్న ఇంగ్లీషు వాక్యం, అమెరికా ఆన్‌లైన్ కంపెనీ ద్వారా లక్షలాది యిళ్ళలో వినిపించింది. 1998లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రానికి ఆ మాటే పేరైంది. ఆయన 2024లో కాలధర్మం చెందాడు.

మన దేశంలో మామూలు ప్రజలకు యింటర్‌నెట్టు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. ఆ రోజుల్లో టెలిఫోను లైను మీదనే కలపాలి. కలిపినంతసేపూ బిల్లు పెరిగేది, ఆ లైను మీద యింకెవరూ ఫోను చేయలేకపోయేవారు. అటువంటప్పుడు రోజంతా లైను పట్టుకుని వుండడమనేది కలలోని మాట. సాయంత్రం ఒకసారి కలిపి, పెట్టె తీసి చూసి, తెంచివేయడం అలవాటైపోయింది. ఇప్పుడు యెల్లవేళలా లైను వుంటున్నా, చాలా యిళ్ళలో ఆ పాత అలవాటు మాత్రం పోలేదు.

ఒక యింట జరిగిన సంగతి

ఆ అలవాటు యెంత పని చేస్తుందో చెప్పడానికి ఒక వుదాహరణ చాలు. తమిళనాడులో మూడు తరాలుగా వుంటున్న ఒక తెలుగు కుటుంబం నాకు తెలుసు. వారి అమ్మాయి ఒక పైచదువుకు దరఖాస్తు పెట్టింది. అక్కడినుంచి ఒక శుక్రవారం ఉత్తరం వచ్చింది: ఫలానా సర్టిఫికెట్టు నకలు మూడు రోజులలో పంపాలి, లేకపోతే సీటు తరవాతివారికి పోతుంది. ఆ మూడు రోజులూ యింట్లో కంప్యూటరు నడుస్తూనే వున్నది. తమ్ముడు దానిమీద క్రికెట్టు చూశాడు. తండ్రి కరెంటు బిల్లు కట్టాడు. మంగళవారం నాడు అమ్మాయి పెట్టె తెరిచింది. గడువు సోమవారంతోనే తీరిపోయింది. వెళ్ళి మొరపెట్టుకుంటే, "మేము సకాలంలోనే తెలియజేశాము గదా" అన్నారు. నిజమే. తెలియజేశారు. తెలియలేదు, అంతే తేడా. అమ్మాయి ఒక సంవత్సరం ఆగవలసి వచ్చింది.

తరవాత చూస్తే కారణం తేలింది. ఎప్పుడో బ్రౌజరు "ఈ మెయిలుకు నోటిఫికేషన్లు చూపమంటారా?" అని అడిగితే, యెవరో "వద్దు" అని నొక్కారు. ఆ మాట యంత్రం మరచిపోలేదు. మనుషులే మరచిపోయారు.

మూడు గుమ్మాలు

నోటిఫికేషను అంటే తెర మూలన కనబడే చిన్న చీటీ. పంపినవారి పేరు, విషయం, ఒక్కొక్కప్పుడు మొదటి మాటలు అందులో వుంటవి. అది కనబడాలంటే కబురు మూడు గుమ్మాలు దాటాలి. మూడూ తెరవాలి, ఒక్కటి మూసివున్నా కబురు అక్కడే ఆగిపోతుంది.

మొదటి గుమ్మం మెయిలుది. ఎక్కువమంది వాడే జీమెయిలు సంగతి చెబుతాను. కంప్యూటరులో జీమెయిలు తెరిచి, పైన కుడివైపున పళ్ళచక్రం గుర్తు నొక్కి, సెట్టింగులన్నీ చూపమనాలి. "జనరల్" అనే భాగంలో కొంచెం కిందికి వెళితే "డెస్క్‌టాప్ నోటిఫికేషన్స్" అని వుంటుంది. అందులో మూడు దారులు: కొత్త ఉత్తరం వస్తే చెప్పడం, ముఖ్యమైనదని అనుకున్నదానికే చెప్పడం, అసలు చెప్పకపోవడం. మీకు కావలసినది యెన్నుకుని, పేజీ అడుగుకు వెళ్ళి మార్పులు భద్రపరచే మీట నొక్కాలి. ఈ ఆఖరి పని చేయక శ్రమంతా వ్యర్థం చేసుకునేవారు చాలామంది.

రెండవ గుమ్మం బ్రౌజరుది. క్రోమ్‌లో చిరునామా పట్టీ యెడమ పక్కన వున్న చిన్న గుర్తు నొక్కితే, ఆ సైటుకు మీరు యిచ్చిన అనుమతులు కనబడతవి. పూర్వం "వద్దు" అని వుంటే యిక్కడ "సరే" అని మార్చుకోవచ్చు.

మూడవది కంప్యూటరు గుమ్మం. విండోస్‌లో సెట్టింగులలో "సిస్టమ్"లోకి, అక్కడినుంచి "నోటిఫికేషన్స్"లోకి వెళ్ళాలి. మొత్తంమీద నోటిఫికేషన్లు తెరిచివున్నవా, మీ బ్రౌజరు పేరుకు యెదురుగా కూడా తెరిచివున్నదా చూడాలి. అక్కడే "డు నాట్ డిస్టర్బ్" అనేది వుంటుంది. నిద్రలో వున్నవారిని లేపవద్దని గుమ్మానికి బోర్డు తగిలించినట్టు, అది వున్నంతవరకూ చీటీలు తెరమీదికి రావు. మ్యాక్ కంప్యూటరులో కూడా సిస్టమ్ సెట్టింగులలో నోటిఫికేషన్లకు విడిగా ఒక భాగం వున్నది. బోర్డు తగిలించే పని అక్కడ "ఫోకస్" అనే పేరుతో జరుగుతుంది.

మూడూ అయినాక పరీక్ష చేసుకోవాలి. మీకు మీరే రాసుకున్న ఉత్తరంతో పరీక్ష చేయవద్దు. మరొక యింటినుంచి, మరొకరి చిరునామానుంచి ఒక ఉత్తరం పంపించుకుని చూడండి. చీటీ కనబడితే పని పూర్తయినట్టే.

ఒక్క సంగతి మరువరాదు. ఇట్లా బ్రౌజరులో చూసే జీమెయిలు, ఆ పేజీ తెరిచి వున్నంతవరకే పిలుస్తుంది. వేరే పని చేసుకుంటున్నా ఫరవాలేదు గాని, ఆ పేజీని మూసివేయకూడదు. పేజీ మూసే అలవాటు వున్నవారు థండర్‌బర్డ్ వంటి మెయిలు ప్రోగ్రామును కంప్యూటరులో పెట్టుకోవచ్చు. ఇది ఉచితమే, మొదటి పూర్తి ముద్రణ 2004లో వచ్చింది. దాని సెట్టింగులలో కొత్త ఉత్తరం వస్తే చీటీ చూపమనీ, శబ్దం చేయమనీ విడివిడిగా చెప్పుకోవచ్చు. చూపు మందగించినవారికి శబ్దం చాలా వుపకారి.

అన్నీ సరిగా వున్నా ఒక్కొక్క ఉత్తరానికి పిలుపు రాకపోతే, ఆ ఉత్తరం యే అరలో పడిందో చూడండి. జీమెయిలు ఉత్తరాలను అరలుగా విడదీస్తుంది. పిలుపు వచ్చేది మొదటి అరలో పడినవాటికే. వ్యాపార ప్రకటనల అరలోనో, చెత్త అరలోనో పడినవాటికి రాదు. కాలేజీవారి ఉత్తరం ప్రకటనల అరలో కనబడితే, దానిని లాగి మొదటి అరలో వేయండి. ఇకమీదట ఆ చిరునామానుంచి వచ్చేవి అక్కడే పడేటట్టు చేయాలా అని అదే అడుగుతుంది.

పిలుపులు యెక్కువైతే

పిలుపు లేకపోవడం ఒక కష్టమైతే, రోజంతా పిలుపులే కావడం మరొక కష్టం. బట్టల కొట్టువారూ, టిక్కెట్లు అమ్మేవారూ, యెప్పుడో ఒకసారి చెప్పులు కొన్న దుకాణంవారూ పొద్దస్తమానం రాస్తూనే వుంటారు. గంటకు యిరవైసార్లు చీటీ కనబడితే నాలుగోరోజుకు మన కన్ను దానిని చూడడం మానేస్తుంది. అప్పుడు ముఖ్యమైన చీటీ కూడా వాటితో కొట్టుకుపోతుంది. కాబట్టి అక్కరలేని ఉత్తరాల అడుగున వుండే "అన్‌సబ్‌స్క్రైబ్" అనే మాట నొక్కి, తెలిసిన దుకాణాలవారి ఉత్తరాలు ఆపించుకోండి. నెలకు ఒక అరగంట యిందుకు వినియోగిస్తే మిగతా నెలంతా సుఖం.

మరొక మాట. ముందుగదిలో పెట్టిన కంప్యూటరు నలుగురూ చూసేది. డాక్టరుగారి రిపోర్టు సంగతీ, సంబంధం వారి జవాబూ చుట్టాల యెదుట తెర మూలన మెరిస్తే బాగుండదు. అటువంటి యిళ్ళలో శబ్దం మాత్రమే వుంచుకోవడమో, లేదా పంపినవారి పేరు మాత్రమే చూపమని చెప్పుకోవడమో మంచిది. థండర్‌బర్డ్‌లో చీటీలో యేమేమి కనబడాలో మనమే యెన్నుకోవచ్చు. సంఘం ఆఫీసులోనో పొరుగువారింటోనో వున్న కంప్యూటరులో అయితే యీ సెలవు అసలు యివ్వనే వద్దు.

దొంగ కేకలు

తపాలా బంట్రోతు వేషంలో దొంగ వచ్చిన కథలు మన పెద్దలు చెప్పేవారు. ఆ వేషం యిప్పుడు తెరమీదికి వచ్చింది. ఏదో సినిమా పాట కోసమో, వార్త కోసమో ఒక సైటు తెరిస్తే, "నోటిఫికేషన్లు చూపమంటారా?" అని అదీ అడుగుతుంది. చదవకుండా "సరే" అన్నామా, యిక ఆనాటినుంచి "మీ కంప్యూటరుకు వైరస్ పట్టింది", "మీ ఖాతా నిలిపివేయబడింది" అంటూ మెయిలు చీటీల వంటి చీటీలే తెర మూలన రావడం మొదలు. చూడడానికి రెండూ ఒకటే. తేడా తెలుసుకోవడానికి చీటీలో చిన్న అక్షరాలతో వుండే సైటు పేరు చదవాలి. అది మీ మెయిలు పేరు కాకపోతే నొక్కవద్దు. బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్లకు అనుమతి పొందిన సైట్ల జాబితా వుంటుంది. అందులో మీకు తెలియనివాటి నన్నిటినీ తీసివేయండి.

నిజమైన మెయిలు చీటీ అయినంతమాత్రాన అందులోని ఉత్తరం నిజమైనదని కూడా అనుకోకూడదు. గంట మోగించేవాడికి కవరులో యేమున్నదో తెలియదు గదా! బ్యాంకి పేరుతో రహస్య సంఖ్య అడిగే ఉత్తరం యెంత గట్టిగా గంట మోగించుకుని వచ్చినా జవాబు యివ్వవద్దు. ఒకవేళ డబ్బు పోతే, ఆలస్యం చేయకుండా 1930 అనే నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు యివ్వాలి. అది సైబరు నేరాలకు దేశమంతటికీ వున్న నంబరు.

చీటీ మీద తెలుగు

తెలుగుదేశానికి దూరంగా వుండే మనబోటి కుటుంబాలకు యిందులో యింకొక లాభం వున్నది. యూనికోడ్ అనే అక్షరపట్టికలో 1991లో వచ్చిన మొదటి ముద్రణనుంచీ తెలుగు లిపి వున్నది. ఇంగ్లీషు కాని అక్షరాలతో ఈమెయిలు పంపే పద్ధతి 1992లో యేర్పడింది. అందుచేత తెలుగులో విషయం రాస్తే, చీటీ మీద కూడా తెలుగే కనబడుతుంది. కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో బడిలో చదువుకున్న మన పిల్లలకు యింట్లో తెలుగు చెవిన పడుతుంది గాని కంట పడడం అరుదు. అమ్మమ్మగారి పేరుతో తెర మూలన "చిన్నతల్లీ, పండుగకు వస్తున్నాము" అని మెరిస్తే, ఆ నాలుగు మాటలైనా కూడబలుక్కుని చదువుతారు. పాఠం చెబుతున్నామని చెప్పకుండా చెప్పే పాఠం అది.

అందుచేత రాసేవారికి కూడా ఒక బాధ్యత వున్నది. చీటీలో పట్టేవి కొన్ని మాటలే. "నమస్కారం", "ఒక సంగతి" అని విషయంలో రాస్తే చదివేవారికి యేమీ తెలియదు. "అత్తయ్యకు ఆపరేషను బాగా జరిగింది", "ఆదివారం సమావేశం సాయంత్రం 4 గంటలకు" అని రాస్తే, పెట్టె తెరవకముందే మనస్సు కుదుటపడుతుంది, పని తెలుస్తుంది. పూర్వం కార్డు పైన "క్షేమం" అని ముందే రాసేవారు. చదివేవారి గుండె దడ తగ్గించడానికే ఆ మర్యాద.

చదువరులకు ఒక మనవి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలైన తరవాత, యింట్లో కంప్యూటరు తెలిసిన పిల్లలను పెద్దవారి పక్కన కూర్చోబెట్టండి. పిల్లలు మీటలు నొక్కేసి "అయిపోయింది తాతయ్యా" అని లేచిపోకూడదు. ఏ గుమ్మం యెక్కడ వున్నదో చూపించి, పెద్దవారి చేతనే తెరిపించాలి. వద్దనుకున్ననాడు మూసుకోవడం కూడా నేర్పాలి. పిల్లలు రేపు చదువులకూ ఉద్యోగాలకూ యే దేశమో వెళతారు. ఆనాడు వారు రాసే ఉత్తరం వచ్చిందని, యింట్లో వున్న పెద్దలకు మరొకరు చెప్పవలసిన అగత్యం వుండకూడదు.